మాస్టారికి పెద్ద రేడియో కొనాలా, వద్దా: వేళచ్చేరి ఫ్లాట్‌లో తేలిన ఒక కేసు

2023 డిసెంబరు మొదటి వారంలో మిచాంగ్ తుఫాను చెన్నైని ముంచినప్పుడు, వేళచ్చేరిలో మాస్టారు ఉండే అపార్ట్‌మెంట్‌కి మూడు రోజులు కరెంటు లేదు. రెండో రోజుకి ఫోన్లలో సిగ్నల్ కూడా పోయింది. 5వ తేదీన తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆయన తమ్ముడి కుటుంబం ఉండేది బాపట్లలోనే. ఆ కబురు ఆయనకి చేరేసరికి రెండు రోజులైంది. మధ్యలో అటక మీది పాత ట్రాన్సిస్టర్ దింపి మూత తీస్తే, లోపల సెల్లు కారిపోయి స్ప్రింగులన్నీ చిలుము పట్టి ఉన్నాయి.

సంక్రాంతి వెళ్లాక ఆ ట్రాన్సిస్టర్‌ని గుడ్డసంచిలో పెట్టుకుని కోడంబాక్కంలో నా షాపుకి వచ్చారు. పాతికేళ్లకు పైగా ఇక్కడ రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేస్తున్నాను. రిపేరుకి వచ్చారనుకున్నా. కాదు.

"దీని సంగతి తర్వాత చూద్దువుగాని బాబూ. పెద్ద షార్ట్‌వేవ్ సెట్టు ఒకటి కొందామనుకుంటున్నా. మనవడు అమెరికా నుంచి తెస్తానంటున్నాడు. కొనమంటావా, వద్దంటావా? నువ్వే చెప్పాలి."

షార్ట్‌వేవ్ అంటే దూరదేశాల స్టేషన్లు పలికే బ్యాండు. మాస్టారికి 76 ఏళ్లు. నాయుడుపేట వైపు పుట్టి, మద్రాసులో తెలుగు మీడియం బడిలో ముప్పై ఏళ్లు పాఠం చెప్పారు. పేరు రాయను. మిగతా అంతా రాసుకోమన్నారు. ఇలా అడిగేవాళ్లు నా దగ్గరికి ఏడాదికి పదిమందైనా వస్తారు. అందులో ఈ కేసే పూర్తిగా రాయడానికి కారణం, మొదట నేనిచ్చిన సలహా తప్పు కావడం.

ఆయన ప్రింటు తీయించి తెచ్చిన బొమ్మ ఈటన్ వాళ్ల గ్రుండిగ్ శాటిలిట్ 750ది. చైనాలో టెక్సన్ ఎస్-2000 పేరుతో వచ్చేది కూడా దాదాపు ఇదే. లాంగ్‌వేవ్ మొదలు 30 మెగాహెర్ట్జ్ వరకు అన్నీ పడుతుంది. ఎఫ్‌ఎం ఉంది, విమానాల బ్యాండు ఉంది, సరదాకి సొంత సెట్లతో ఒకరితో ఒకరు మాట్లాడుకునే హామ్ రేడియో వాళ్ల మాటలు వినడానికి ఎస్‌ఎస్‌బీ ఉంది. 1000 మెమరీలు, నాలుగు పెద్ద సెల్లు. నెత్తి మీద మీడియంవేవ్ ఏంటెనా ఒకటి అడ్డంగా ఉండి గుండ్రంగా తిరుగుతుంది. సుంకంతో సహా అన్నీ కలిపి 35 వేలు దాటేలా ఉందని మనవడు లెక్క చెప్పాడట. పెన్షన్ మీద బతికే మనిషికి అది చిన్న మొత్తం కాదు.

నేను ఎవరినైనా ముందు అడిగేది ఒకటే: ఏం వినాలి? "షార్ట్‌వేవ్ వినాలి" అన్నది జవాబు కాదు. ఏ ఊరు, ఏ భాష, ఏ వేళ, ఇంట్లో ఏ గదిలో కూర్చుని అన్నది తెలియాలి. మాస్టారిని ఇంటికి వెళ్లి కాగితం మీద రాసి తెమ్మన్నాను. మర్నాడే తెచ్చారు, ఎర్ర ఇంకుతో గీతలు గీసి మరీ. నాలుగు రాశారు: తుఫాను వేళ వార్తలు, విజయవాడ కేంద్రం, సిలోన్, బీబీసీ.

మొదటిది తేలిక. తుఫాను కబుర్లు చెప్పే ఆకాశవాణి కేంద్రాలు చెన్నైలో ఎఫ్‌ఎం మీదా, 720 కిలోహెర్ట్జ్ మీద మీడియంవేవ్‌లోనూ ఉన్నాయి. దానికి వెయ్యి రూపాయల లోపు జేబు సెట్టు చాలు. ఈ ఒక్క పనికి 35 వేలు పెట్టనక్కర్లేదు.

సిలోన్ దగ్గరికి వచ్చేసరికి నాకూ గొంతు పట్టేసింది. రేడియో సిలోన్ తెలుగు ప్రసారంలో మీనాక్షి పొన్నుదురై గారి గొంతు విని పెరిగిన తరం ఆయనది. మా నాన్నగారిదీ అదే తరం. ఆ కాలపు ప్రసారం ఏ సెట్టు కొన్నా తిరిగి రాదు. ఈ మాట కస్టమర్‌కి నేరుగా చెప్పడం నా పనిలో భాగమే. చెప్పాను. "తెలుసులే బాబూ. అయినా ఒకసారి రాయాలనిపించింది" అన్నారు.

బీబీసీ గురించి కొంచెం ఎక్కువ చెప్పాల్సి వచ్చింది. షార్ట్‌వేవ్‌లో ఎవరు మిగిలారో తెలియకుండా సెట్టు కొనకూడదు. రేడియో నెదర్లాండ్స్, రేడియో కెనడా 2012లో ఆపేశాయి. రేడియో ఆస్ట్రేలియా 2017 జనవరి 31న ఆగిపోయింది. బీబీసీ హిందీ షార్ట్‌వేవ్ 2020 జనవరి 31న ముగిసింది. బీబీసీ తెలుగు 2017 అక్టోబరు 2న మొదలైంది కానీ అది ఇంటర్నెట్‌లో చదివేది, చూసేది. రేడియోలో వెతికితే దొరకదు. ఇంగ్లీషు బీబీసీ ఇంకా మనవైపు వస్తోంది. చైనా రేడియో చాలా భాషల్లో, తమిళంతో సహా, బల్లగుద్దినట్టు వినపడుతుంది. రుమేనియా, వాటికన్, కొరియా, మతప్రచార కేంద్రాలు ఉన్నాయి. హామ్ వాళ్లు ఉన్నారు. 40 ఏళ్ల కిందట ముల్లు వెంట్రుకవాసి జరిపితే ఇంకో దేశం పలికేది. ఆ సందడి ఇప్పుడు లేదు.

మిగిలింది విజయవాడ. ఆయన మనసులో అసలు కోరిక ఇదేనని అప్పుడు తెలిసింది. వాళ్ల నాన్నగారి రోజుల్లో నాయుడుపేటలో తెలుగు వినాలంటే మద్రాసు కేంద్రమే గతి. మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న మొదలైతే, విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1 దాకా రానేలేదు. తండ్రి నాయుడుపేటలో కూర్చుని మద్రాసు విన్నాడు, కొడుకు మద్రాసులో కూర్చుని విజయవాడ వినాలనుకుంటున్నాడు. న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో విజయవాడ అద్దంలా వినపడుతుందని చెప్పి, నా ఫోన్‌లో పెట్టి వినిపించాను. "అది పొద్దున్న మా అమ్మాయి పెడుతుంది. రాత్రి మంచం పక్కన నా అంతట నేను తిప్పుకుని వినాలి. కరెంటు పోయినా వినాలి" అన్నారు. అప్పటికి కేసు నా బుర్రలో ఒక రూపానికి వచ్చింది. ఇది షార్ట్‌వేవ్ కేసు కాదు, 837 కిలోహెర్ట్జ్ కేసు, అంటే మీడియంవేవ్‌లో విజయవాడ పలికే చోటు.

సెట్టు గురించి మాట్లాడే ముందు ఇల్లు వినాలి. అరచేతిలో ఇమిడే నా డిజిటల్ సెట్టు తీసుకుని ఒక శనివారం రాత్రి ఎనిమిదిన్నరకి వెళ్లాను. అందులో సిగ్నల్ బలం ఒక అంకె, రొదకంటే సిగ్నల్ ఎంత పైన ఉందో ఇంకో అంకె కనపడతాయి. రెండో అంకే ముఖ్యం. హాల్లో 837 పెడితే సిగ్నల్ 31, రెండో అంకె 2. అంటే స్టేషన్ ఉంది, మనిషికి పనికిరాదు. షార్ట్‌వేవ్‌లో 31 మీటర్ల బ్యాండు మీద బీబీసీ వెతికితే, కాగిన నూనెలో ఆవాలు వేసినట్టు చిటపటే తప్ప మాట లేదు.

అమ్మగారిని అడిగి మెయిన్ స్విచ్ ఆపించాను. ఆవిడ వంటింట్లో దీపం వెలిగించి నిలబడ్డారు. ఇల్లు చీకటి కాగానే చేతిలో సెట్టు ఊపిరి తీసుకున్నట్టయింది. సిగ్నల్ 29కి తగ్గింది, కానీ రెండో అంకె 11కి ఎక్కింది. పాట వినపడింది. మాస్టారు చీకట్లోనే "అదే, అదే" అన్నారు.

తర్వాత ఒక్కో స్విచ్ వేసుకుంటూ వచ్చాం. ఫ్యాన్లు ఏమీ చేయలేదు. ఫ్రిజ్ ఏమీ చేయలేదు. ఫాల్స్ సీలింగ్‌లోని ఎల్‌ఈడీ లైట్లు వేయగానే పాట మునిగిపోయింది. వాటికి కరెంటు మార్చి ఇచ్చే డ్రైవర్లు చవకరకం, లోపల ఫిల్టర్ అన్నదే లేదు. రెండో దోషి వైఫై డబ్బా అడాప్టర్. మూడోది మన చేతిలో లేదు: లిఫ్ట్. అది కదిలినప్పుడల్లా ఇరవై సెకన్లు గుయ్‌మంటుంది. లిఫ్ట్ గది ఫ్లాట్‌కి తూర్పున ఉంది. ఈ దిక్కు గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

పెద్ద సెట్టు అయితే ఈ రొదని దాటుకుని వింటుందని చాలామంది అనుకుంటారు. మాస్టారూ అదే అనుకున్నారు. దాని ఏంటెనా పొడుగు, నిజమే. కానీ అది సిగ్నల్‌ని ఎంత ఎక్కువ లాగితే రొదనీ అంతే లాగుతుంది. ఇంట్లో రొద ఉంటే 35 వేల సెట్టు ఆ రొదని మంచి స్పీకర్లో వినిపిస్తుంది. ఇంకొక సంగతి. చవక సెట్టులో ఒక బలమైన స్టేషన్ దాని అసలు చోటికి 910 కిలోహెర్ట్జ్ కింద ఇంకోసారి దొంగగా పలుకుతుంది. సిగ్నల్‌ని ఒక్కసారి మాత్రమే, 455 కిలోహెర్ట్జ్‌కి మార్చుకునే సెట్లన్నిటికీ ఉన్న జబ్బు అది. రెండుసార్లు మార్చే మంచి సెట్లలో ఆ దొంగ స్టేషన్ ఉండదు. షాపులో సెట్టు పరీక్షించడానికి ఇంతకంటే సులువైన పద్ధతి నాకు తెలియదు: చైనా రేడియోని పట్టండి, 910 కిందికి వెళ్లి వినండి.

డాబా మీదికి వెళ్లి చూస్తే షార్ట్‌వేవ్ పరవాలేదు. బీబీసీ ఇంగ్లీషు వచ్చింది, 10 మెగాహెర్ట్జ్ మీద చైనా వాళ్ల బీపీఎం కాలసూచిక టిక్‌టిక్‌మంటూ స్పష్టంగా వినపడింది. నేను ఏ కొత్త చోటికి వెళ్లినా ముందు ఆ టిక్‌టిక్ వెతుకుతాను. అది వినపడితే ఆ చోటు షార్ట్‌వేవ్‌కి పనికొస్తుందని నా లెక్క. కానీ 76 ఏళ్ల మనిషి రాత్రి డాబా ఎక్కి వినరు కదా.

మీడియంవేవ్ కోసం ఇంకో పరీక్ష పెట్టాను. సూర్యోదయం అయ్యాక పైన గాలిపొరలు మీడియంవేవ్‌ని పీల్చేసుకుంటాయి. రాత్రి 400 కిలోమీటర్ల నుంచి వచ్చే విజయవాడ తెల్లారగానే సన్నగిల్లుతుంది. ఉప్పునీటి మీదుగా మాత్రం నేలను అంటిపెట్టుకుని కొంత వస్తుంది. ఆదివారం పొద్దున ఏడుంబావుకి ఇద్దరం బెసెంట్ నగర్ బీచ్‌కి వెళ్లి తడి ఇసుక దగ్గర నిలబడ్డాం. చిన్న సెట్టులోనే విజయవాడ పలికింది, సన్నగా, కానీ మాట తెలిసేలా. అదే వేళకి వేళచ్చేరి హాల్లో ఏమీ లేదు. మాస్టారికి ఆ తేడా చూపించడమే నా ఉద్దేశం: సెట్టు అదే, చోటు మారింది. ఆయన మాత్రం చెవి దగ్గర పెట్టుకుని వార్తలు అయ్యేదాకా ఇవ్వలేదు. నేను టీ తాగి వచ్చాను.

ఇక నా మొదటి సలహా. పెద్ద సెట్టు వద్దన్నాను. 8 వేలలో చిన్న డిజిటల్ సెట్టు, బాల్కనీలో సన్న వైరు, ఎల్‌ఈడీ డ్రైవర్లు మార్చడం. లైట్లు మార్పించాం, వైఫై అడాప్టర్ వైరుకి రొదని ఆపే ఫెరైట్ కోర్ తొడిగాం. రొద సగానికి పైగా తగ్గింది. చిన్న సెట్టులో 837 మీద రెండో అంకె 10 దాకా వస్తోంది. కాగితం మీద కేసు ముగిసింది.

పన్నెండు రోజుల్లో మూడు ఫోన్లు వచ్చాయి. మొదటిసారి తాళం బటన్ నొక్కుకుపోయి ఏదీ పని చేయలేదు. రెండోసారి మెమరీ చెరిగిపోయింది. మూడోసారి ఆయన చేయలేదు, అమ్మగారు చేశారు. "మీరు తెచ్చింది మంచిదేనండీ. ఆయన దాన్ని ముట్టుకోవడం మానేశారు."

వెళ్లి ఎదురుగా కూర్చుని చూశాను. మాస్టారి కుడిచేతి వేళ్లు వణుకుతాయి. ముప్పై ఏళ్లు సుద్దముక్క పట్టిన చెయ్యి. సెట్టు బటన్లు కందిగింజంత. అక్షరాలు చదవాలంటే కళ్లద్దాలు కావాలి. మంచం పక్కన చీకట్లో అది ఎలా కుదురుతుంది? పైగా రూపాయి బిళ్లకంటే కాస్త పెద్ద స్పీకర్‌లోంచి మాట వస్తుంటే, చెవి తగ్గిన మనిషి వాల్యూమ్ పెంచుతారు, పెంచితే అది పగిలినట్టు వినపడుతుంది. రెండు రాత్రులు సిగ్నల్ కొలిచాను, రొద కొలిచాను. ఆయన చేతులు మాత్రం చూడలేదు. బీచ్‌లో సెట్టుని రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నప్పుడైనా గమనించాల్సింది. ఇది నా తప్పే. ఆయనకీ అదే చెప్పాను.

అప్పుడు పెద్ద సెట్టుని మళ్లీ మొదటి నుంచి ఆలోచించాను, ఈసారి షార్ట్‌వేవ్ పక్కన పెట్టి. పెద్ద సెట్టులో ఆయనకి నిజంగా పనికొచ్చేవి మూడు. వేళ్లకి అందే గుండ్రటి నాబ్‌లు. అరచేతి వెడల్పు స్పీకర్. మూడోది నెత్తి మీద తిరిగే ఏంటెనా, నా దృష్టిలో ఆ సెట్టు విలువంతా అక్కడే ఉంది. లోపల ఉండేది ఫెరైట్ కడ్డీ. కడ్డీ రెండు కొసల దిక్కుల నుంచి వచ్చేది దానికి సరిగా వినపడదు, అడ్డంగా వచ్చేది బాగా వినపడుతుంది. విజయవాడ చెన్నైకి దాదాపు సూటిగా ఉత్తరం. కాబట్టి కడ్డీ తూర్పు పడమరలుగా ఉండాలి. అలా పెడితే దాని కొస ఎటు చూస్తుంది? తూర్పుకి, లిఫ్ట్ గది వైపుకి. విజయవాడ పూర్తిగా వినపడే చోటే లిఫ్ట్ రొద అణుగుతుంది. ఇంత బాగా కుదిరిన ఇల్లు నేను అరుదుగా చూశాను. చిన్న సెట్టులోనూ కడ్డీ ఉంటుంది కానీ పొట్టిది, దాన్ని తిప్పాలంటే సెట్టంతా తిప్పాలి, అప్పుడు డయల్ గోడవైపు వెళ్తుంది.

కొత్తది మాత్రం వద్దనే అన్నాను. 35 వేలలో సగం డబ్బు ఆయన వాడని విమానాల బ్యాండుకి, 1000 మెమరీలకి పోతుంది. అంబత్తూరులో ఒకాయన ఊరు మారుతూ ఇలాంటి సెట్టే అమ్ముతున్నారని తెలిసింది. కంపెనీ పేరు రాయను, ఒక పాత సెట్టు లోపాలు ఆ పేరుకి అంటుకోకూడదు. 18 వేలు అడిగారు. నేను మాస్టారితో కలిసి వెళ్లి గంటన్నర చూశాను.

సెకండ్‌హ్యాండ్ పెద్ద సెట్టు కొనేవాళ్లు ముందు సెల్లు పెట్టే అర తెరవాలి. తెల్లటి పొడి ఉంటే ఆల్కలైన్ సెల్లు కారాయని అర్థం, వెనిగర్ అద్దిన దూదితో తుడిస్తే పోతుంది. లోపలి వైరుదాకా పాకి ఉంటే వదిలేయడం మేలు. ఇందులో పొడి ఒక స్ప్రింగు దగ్గరే ఆగింది. వాల్యూమ్ తిప్పితే గరగరమంది, అది స్ప్రేతో పోయే జబ్బు. ట్యూనింగ్ నాబ్ నెమ్మదిగా పది మెట్లు తిప్పి, అంకె సరిగ్గా పది మెట్లు జరిగిందో లేదో చూశాను. జరిగింది. అది తప్పితే మార్చడానికి స్పేర్ దొరకదు. టెలిస్కోప్ ఏంటెనా మొదలు వదులైంది. నాబ్‌ల మీది రబ్బరు పూత జిగటగా తయారైంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఆ పూత మొత్తం తీసేయొచ్చని మాస్టారికి చెప్పాను. 910 పరీక్షలో దొంగ స్టేషన్ లేదు. కడ్డీ తిప్పితే 720 మీది చెన్నై స్టేషన్ ఒకచోట బాగా తగ్గింది, అంటే ఏంటెనా బతికే ఉంది. 13,500కి తెగింది. చిన్న సెట్టు నేను వెనక్కి తీసుకుని పూర్తి డబ్బు ఇచ్చేశాను.

పవర్ కోసం మామూలు మొబైల్ చార్జర్‌లాంటి అడాప్టర్ వాడితే అదే ఇంకో రొద. రిచీ స్ట్రీట్‌లో పాతకాలపు ట్రాన్స్‌ఫార్మర్ రకం ఎలిమినేటర్, 6 వోల్టులది, వెతికి తెచ్చాను. బరువుగా ఉంటుంది, మౌనంగా ఉంటుంది. బాల్కనీ గ్రిల్ వెంబడి ఏడు మీటర్ల సన్న వైరు లాగి వెనక ఏంటెనా సాకెట్లో పెట్టాం, ఉరుములు వినపడగానే పీకేయాలన్న షరతు మీద. ఆ వైరుతో రాత్రి పదికి బీబీసీ ఇంగ్లీషు పక్కింటి రేడియోలా కాకపోయినా, వినేలా వస్తోంది. అప్పట్లో పగలు 16 మీటర్ల బ్యాండు కూడా బాగుండింది, అది సూర్యుడి 11 ఏళ్ల చక్రం పుణ్యం. ఆ చక్రం 2024లో శిఖరం దగ్గర ఉండింది. దిగేటప్పుడు పగటి బ్యాండ్లు పలచబడతాయని ముందే చెప్పి ఉంచాను.

విజయవాడ వచ్చే చోటు కోసం మొదటి రాత్రి కడ్డీని కొంచెం కొంచెంగా తిప్పాం. లిఫ్ట్ గుయ్‌మన్నప్పుడు కూడా మాట తెలిసే చోటు దొరికింది. రొద పూర్తిగా పోలేదు, మూడొంతులు పోయింది. చీకట్లో ఆ చోటు మళ్లీ ఎలా దొరుకుతుందని మాస్టారు అడిగారు. అమ్మగారు లోపలికి వెళ్లి కుంకుమ భరిణె తెచ్చి, తిరిగే చోట కింద ఒకటి, పైన ఒకటి బొట్టు పెట్టారు. రెండు బొట్లు కలిస్తే విజయవాడ. నేను తర్వాత వాటి మీద కాస్త ఫెవికాల్ చుక్క ఎండబెట్టాను, ఇప్పుడు వేలితో తడిమితే తెలుస్తుంది.

వేరేవాళ్లు ఇదే అడిగితే నా జవాబు ఇదే కాదు. షార్ట్‌వేవ్ కోసమే అయితే, అపార్ట్‌మెంట్‌లో ఉంటూ డాబా మీద వైరుకి అసోసియేషన్ ఒప్పుకోకపోతే, పెద్ద సెట్టు కొనకండి. ఆ డబ్బులో పదో వంతుతో ముందు మీ ఇంట్లో రొద ఎక్కడుందో వెతకండి. ఊళ్లో పెంకుటిల్లు, వెనక దొడ్డి ఉన్నవాళ్లకి మాత్రం చిన్న సెట్టులోనే ప్రపంచం వినపడుతుంది. ఇల్లు నిశ్శబ్దంగా ఉండి, వేళ్లు మొరాయిస్తూ, మీడియంవేవ్ ముఖ్యమైతే పెద్దది ఆలోచించండి. ఆకాశవాణి డిజిటల్ మీడియంవేవ్, అంటే డీఆర్‌ఎం, ఇలాంటి సెట్లలో రాదు. దానికోసం ఎవరైనా ఇది అమ్మజూపితే నమ్మకండి.

పాత ట్రాన్సిస్టర్ కూడా బాగుచేశాను. అది తుఫాను సెట్టు. దాని సెల్లు, పెద్ద సెట్టు సెల్లు, రెండూ లోపల ఉండవు. తలుపు పక్కన బిస్కెట్ డబ్బాలో ఉంటాయి, డబ్బా మీద కొన్న నెల రాసి ఉంటుంది.

2024 అక్టోబరు మధ్యలో భారీ వానల హెచ్చరిక వచ్చిన సాయంత్రం మాస్టారు ఫోన్ చేశారు. వెనక వాన చప్పుడు.

"కరెంటు తీసేశారు బాబూ. వైరు పీకేశాను. సెల్లు వేశాను, బొట్లు కలిపాను. విను."

ఫోన్‌ని రేడియో దగ్గర పెట్టారు. విజయవాడ పలుకుతోంది.